వ్యభిచార నిరోధక చట్టాల్లో మసాజ్ సెంటర్, విటుడు: గోదావరిఖని నేపథ్యంలో చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మసాజ్ సెంటర్లపై పోలీసు దాడుల వార్తల్లో తెలుగు పత్రికలు తరచుగా వాడే మాటలు మూడు: ‘ముసుగు’, ‘నిర్వాహకుడు’, ‘విటుడు’. వీటిలో ‘విటుడు’ సంస్కృత రూపక సంప్రదాయం నుంచి వచ్చింది. భాణంలో విటుడు వేశ్యావాటిక మర్యాదలు ఎరిగిన రసికుడు. పత్రికా వార్తలో పట్టుబడిన నిందితుడు. చట్టంలో మాత్రం అతనికి పేరు లేదు. ఆ లోటు ఎలా ఏర్పడింది, దాని భారం ఎవరిపై పడింది అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

గని పట్టణం, చట్టం

1950లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై సంతకం చేసిన భారతదేశం, 1956 డిసెంబరు 30న స్త్రీలు, బాలికల అనైతిక వ్యాపార నిరోధక చట్టాన్ని తెచ్చింది. అది 1958 మే 1 నుంచి అమలైంది. 1960ల తొలినాళ్లలో రామగుండం ప్రాంతంలో సింగరేణి తవ్వకాలు మొదలై, గోదావరిఖని కార్మిక పట్టణంగా ఎదిగింది. అంటే పట్టణమూ చట్టమూ దాదాపు ఒకే కాలానివి. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ భూగర్భ గనిలో స్త్రీలకు పనిని నిషేధించింది. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. అందువల్ల భూగర్భ గని వేతనం చాలాకాలం పురుషుడి వేతనంగానే ఉండిపోయింది. ఇక్కడి స్త్రీల ఉపాధిని గురించి మాట్లాడేటప్పుడు ఈ నేపథ్యాన్ని విస్మరించరాదు.

చట్టం దృష్టిలో మసాజ్ సెంటర్

1986 సవరణతో ఈ చట్టం అనైతిక వ్యాపార (నిరోధక) చట్టంగా మారింది. మసాజ్ చేయడం, చేయించుకోవడం దీని ప్రకారం నేరాలు కావు. మరొకరి లాభం కోసం లైంగిక దోపిడీకి వాడే ఇల్లు, గది, వాహనం, స్థలం ఏదైనా వ్యభిచార గృహమే. అంటే చట్టం చూసేది బోర్డు మీది పేరును కాదు, స్థల వినియోగాన్ని. నిర్వాహకుడికి మొదటి నేరానికి ఏడాది నుంచి మూడేళ్ల వరకు శిక్ష పడుతుంది. తెలిసి అద్దెకిచ్చిన ఇంటి యజమాని కూడా శిక్షార్హుడే. దీనికి తోడు 1986 నాటి రాష్ట్ర పీడీ చట్టం అనైతిక వ్యాపార నేరస్థులను ఏడాది వరకు నిర్బంధించే అధికారాన్ని ఇచ్చింది. 2016లో ఏర్పడిన రామగుండం పోలీస్ కమిషనరేట్ పరిధిలోనూ అమలయ్యే చట్టాలు ఇవే.

విటుడి స్థానం

విటుడి ప్రస్తావన ప్రధానంగా ఏడో సెక్షన్‌లో, అదీ దూరం లెక్కగా కనిపిస్తుంది. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి వంటి చోట్లకు 200 మీటర్ల లోపు వ్యభిచారం జరిగితే ఆ స్త్రీతో పాటు ‘ఆమెతో వ్యభిచరించిన వ్యక్తి’ కూడా మూడు నెలల వరకు శిక్షార్హుడు. ఈ హద్దు దాటితే ఆ సెక్షన్ అతనికి వర్తించదు. గుడులు, బడులు, దవాఖానలు దగ్గరదగ్గరగా ఉండే గోదావరిఖని వంటి పట్టణంలో ఆ హద్దు బయటి చోటు అరుదు. ఒకే చర్య వీధికి ఈవల నేరమై, ఆవల నేరం కాకపోవడం ఈ చట్టంలోని వైరుధ్యం.

విటుడిని నేరుగా శిక్షించాలని 2006లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, 2009లో సభ రద్దవడంతో మురిగిపోయింది. కేవలం విటుడైనంత మాత్రాన నిర్వాహకులకు ఉద్దేశించిన సెక్షన్లు వర్తించవని హైదరాబాదులోని హైకోర్టు పలు కేసులను కొట్టివేసింది. 2013లో శిక్షాస్మృతిలో చేరిన 370ఎ సెక్షన్‌తో అసలు మార్పు వచ్చింది. అక్రమ రవాణాకు గురైన వ్యక్తి అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి, లైంగికంగా దోచుకుంటే అది నేరం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 144వ సెక్షన్ ఆ స్థానంలో అమలవుతున్నది. బాధితురాలు వయోజనురాలైతే కనీస శిక్ష మూడేళ్లు. గరిష్ఠ శిక్ష ఐదు నుంచి ఏడేళ్లకు పెరిగింది. 1999లో స్వీడన్ కొనుగోలునే నేరం చేసింది. భారతీయ చట్టం మాత్రం విటుడికి తెలిసినదానిని నేరానికి ఆధారం చేసింది. దాన్ని రుజువు చేయవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది.

దాడిలో దొరికిన స్త్రీ

విటుడు బెయిలుపై ఇల్లు చేరవచ్చు. ‘రక్షించబడిన’ స్త్రీని మాత్రం 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ల వరకు రక్షణ గృహానికి పంపవచ్చు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఈ వైపు దృష్టి సారించింది. పోలీసులు సెక్స్ వర్కర్లతో గౌరవంగా మెలగాలని, దాడుల వార్తల్లో వారి గుర్తింపు బయటపెట్టకుండా మీడియాకు మార్గదర్శకాలు ఇవ్వాలని, ఇష్టానికి వ్యతిరేకంగా రక్షణ గృహాల్లో ఉన్న వయోజన స్త్రీల వివరాలు సేకరించి వారి విడుదలకు చర్యలు తీసుకోవాలని ఆదేశించింది.

ముగింపు

ఈ చట్టాల పరిణామంలో గదికి నిర్వచనం, నిర్వాహకుడికి శిక్ష, విటుడికి దూరం, తరువాత ఎరుక కొలమానాలయ్యాయి. మసాజ్ మాత్రమే చేసి బతికే స్త్రీని వేరుగా గుర్తించే మాట ఈ చట్టాల్లో లేదు. ‘ముసుగు’ అన్న పత్రికా పదం ఆమెనూ కప్పివేస్తున్నది. భూగర్భ గనిలోకి స్త్రీని చాలాకాలం రానివ్వని పట్టణంలో ఆమె వెతుక్కున్న ప్రతి పనినీ అనుమానంతో చూడటం న్యాయం కాదు. పరిశోధకులు పత్రికా భాషను, చట్ట భాషను పక్కపక్కన పెట్టి చదవవలసిన అవసరం ఇక్కడే ఉన్నది.