పీసీబీ ఆర్డర్ పెడుతున్నారా? పంపే ముందు ఆ జిప్ ఫైల్ ఒక్కసారి తెరిచి చూడండి!

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ రివ్యూ దగ్గర పడింది. సర్క్యూట్ బ్రెడ్‌బోర్డు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. కంప్యూటర్‌లో బోర్డు డిజైన్ కూడా అయిపోయింది. ఆర్డర్ పెట్టారు, పార్సిల్ వచ్చింది. విప్పి చూస్తే రిలే కాళ్లు ఒక్కటీ రంధ్రాల్లో దిగడం లేదు! ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, రాజాం జీఎంఆర్ ఐటీ, విజయనగరం జేఎన్‌టీయూ, చింతలవలస ఎంవీజీఆర్.. ఎక్కడ ఈసీఈ, ఈఈఈ చదివేవారికైనా ఎదురుకాగల తిప్పలే ఇవి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి చేతితో బోర్డు చేసుకునే రోజుల్లో తప్పు అప్పటికప్పుడు కనిపించేది. ఇప్పుడు బెంగళూరుకో, గాంధీనగర్‌కో, చైనాలోని షెన్‌జెన్‌కో ఫైల్ పంపుతున్నాం. తప్పు తెలిసేసరికి రోజులు గడిచిపోతాయి, డబ్బులూ పోతాయి.

కంపెనీకి వెళ్లేది ఏంటి?

చాలా కంపెనీలు అడిగేది గెర్బర్ ఫైల్స్. అమెరికాకు చెందిన గెర్బర్ సైంటిఫిక్ కంపెనీ ఒకప్పుడు ఫిల్మ్ మీద కాంతితో బొమ్మ గీసే ఫొటోప్లాటర్లు తయారుచేసింది. ఆ మిషన్లకు ఇచ్చే ఆదేశాల భాషకే ఈ పేరు. ఇప్పుడు దీన్ని బెల్జియంలోని ఉకామ్‌కో సంస్థ చూసుకుంటోంది.

ఒక్కో పొరకు ఒక్కో ఫైల్. రెండు వైపుల బోర్డయితే పైన రాగి, కింద రాగి, పచ్చ రంగు మాస్క్ రెండు, తెల్ల అక్షరాల సిల్క్‌స్క్రీన్, బోర్డు అంచు గీత.. ఇలా వస్తాయి. ఉచితంగా దొరికే కైక్యాడ్‌లో రంధ్రాల డ్రిల్ ఫైల్‌కు వేరే బటన్ నొక్కాలి. తొందరలో మర్చిపోయేది సరిగ్గా దాన్నే. అది లేకపోతే రంధ్రాలు ఎక్కడ వేయాలో కంపెనీకి ఎలా తెలుస్తుంది? అంచు గీత ఎక్కడైనా తెగి ఉన్నా అంతే, బోర్డు ఎక్కడ కోయాలో మిషన్‌కు అర్థం కాదు. ఆర్డర్ ఆగిపోతుంది.

విడిభాగాలు కూడా వాళ్లే అతికించాలంటే పార్టుల జాబితా, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే ఫైల్ అదనంగా పంపాలి.

230 వోల్టుల దగ్గర జాగ్రత్త

అసలు డేంజర్ ఇక్కడుంది. పలాసలో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్‌కు టెంపరేచర్ కంట్రోలర్ చేస్తున్నారనుకుందాం. ఒకవైపు మైక్రోకంట్రోలర్‌కు 5 వోల్టులు, మరోవైపు రిలే మీదుగా హీటర్‌కు 230 వోల్టులు. కైక్యాడ్‌లో మనం మార్చకపోతే రాగి గీతల మధ్య ఉండే గ్యాప్ 0.2 మిల్లీమీటర్లు మాత్రమే. అంత ఉంటే చాలు, డీఆర్‌సీ చెక్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాదు. కంపెనీ కూడా ఓకే అంటుంది. వాళ్లు చూసేది ఆ బోర్డు తయారవుతుందా లేదా అనే. ఏ గీతలో 230 వోల్టులు పారుతాయో గెర్బర్ చూసి వాళ్లు చెప్పలేరు.

కాబట్టి ఆ హద్దు మీరే పెట్టాలి. కరెంటు వైపుకు, చేయి తగిలే వైపుకు మధ్య కనీసం 6 మిల్లీమీటర్లు ఖాళీ వదలడం వాడుక. పరికరాన్ని బట్టి సేఫ్టీ ప్రమాణాలు ఇంకా ఎక్కువ అడగొచ్చు. రిలే కింద గ్రౌండ్ రాగి పరుచుకుని ఉందేమో ముఖ్యంగా చూడండి, చాలామంది కన్ను అక్కడికి పోదు. మన సముద్రతీరం గాలిలో తేమ, ఉప్పు ఉంటాయి. దానికి దుమ్ము తోడైతే ఆ చిన్న సందులోనే కరెంటు దారి వెతుక్కుంటుంది.

హీటర్ కరెంటు వెళ్లే గీత సన్నగా ఉన్నా ప్రమాదమే. మామూలు బోర్డుపై రాగి మందం దాదాపు 35 మైక్రాన్లే. గీత వెడల్పు పెంచకపోతే వేడెక్కి కాలిపోతుంది.

పంపే ముందు..

డిజైన్‌ను అసలు సైజులో, అంటే 100 శాతం స్కేల్‌లో, కాగితంపై ప్రింట్ తీయండి. దాని మీద నిజమైన రిలే, కనెక్టర్, ఐసీ పెట్టి చూడండి. కాళ్లు చుక్కల మీద కూర్చోకపోతే అప్పుడే తెలిసిపోతుంది. ఒక్క జెరాక్స్ ఖర్చుతో అయిపోయే పని ఇది!

ఆ తర్వాత కాపర్ జోన్లన్నీ మళ్లీ నింపి (కైక్యాడ్‌లో కీబోర్డుపై 'బి' నొక్కితే చాలు), డీఆర్‌సీ నడిపి, అప్పుడు ఫైల్స్ తీయండి. చివరి నిమిషంలో ఒక గీత జరిపి, పాత గెర్బర్లే పంపేస్తే ఆ మార్పు బోర్డులో ఉండదు. అందుకే జిప్ పేరులో తేదీ పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు ఆ జిప్‌నే గెర్బర్ వ్యూయర్‌లో తెరవండి. కైక్యాడ్‌తోనే ఒకటి వస్తుంది. రంధ్రాలు ప్యాడ్ల మధ్యలో పడ్డాయా? ఒక మూలకు చిన్నగా కుంచించుకుపోయి కనిపిస్తే మిల్లీమీటర్లు, అంగుళాల గొడవ అయి ఉంటుంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి తేడా వెంటనే కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. కింది పొరలో అక్షరాలు తిరగబడి కనిపిస్తే కంగారు పడొద్దు. పై నుంచి చూస్తున్నాం కాబట్టి అవి అలాగే ఉండాలి. సరిగ్గా కనిపించాయంటేనే అనుమానించాలి.

విదేశాల నుంచి తెప్పిస్తే కొరియర్ కేవైసీ, కస్టమ్స్ సుంకం ఉంటాయి. ఆ రోజులు కూడా కలుపుకుని రివ్యూ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. వీలైతే రెండోసారి ఆర్డర్ పెట్టేంత టైమ్ మిగిలేలా చూసుకోండి.