ద్రవం పోస్తే మారే కాంతి

బోరోసిలికేట్ గాజు కడ్డీని వంటనూనెలో ముంచితే మునిగిన మేర దాదాపు కనపడకుండా పోతుంది. రెండింటి వక్రీభవన గుణకమూ 1.47 దగ్గరే ఉంటుంది కాబట్టి కాంతి వంగదు, వెనక్కి మళ్లదు. డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియాన్సెన్ 1884లో గాజుపొడిని ద్రవంలో కలిపి చూస్తే, రెండింటి గుణకాలూ సరిపోలిన ఒక్క రంగే సూటిగా దాటి వచ్చింది. వేడి మారిస్తే ఆ రంగూ మారింది. తరంగాలను మలచే కృత్రిమ నిర్మాణాలైన మెటామెటీరియల్స్ చరిత్రను నేను ఇక్కడి నుంచే చెబుతాను. క్రిస్టియాన్సెన్ ప్రయోగం మీద సి.వి. రామన్ 1949లో సిద్ధాంతం రాశారు.

పదార్థంతో కాకుండా ఆకృతితో తరంగాలను మలచవచ్చని 1898లోనే జగదీశ్ చంద్ర బోస్ మెలిపెట్టిన జనపనారతో చూపించారు. కాంతి మామూలుకు వ్యతిరేక దిశలో వంగే రుణ వక్రీభవనం సాధ్యమేనని సోవియట్ శాస్త్రవేత్త వెసెలాగో 1967లో లెక్కగట్టాడు. 1999లో బ్రిటన్ శాస్త్రవేత్త పెండ్రీ చీలిక ఉన్న లోహపు వలయాలను ప్రతిపాదిస్తే, మరుసటి ఏడు అమెరికాలో స్మిత్ బృందం వాటిని తయారుచేసింది. ఆ వలయాలు పనిచేసింది రాడార్ వాడే మైక్రోవేవ్‌లతో. హైదరాబాద్‌లో మన ఉప్పుగూడ పక్కనే, చాంద్రాయణగుట్టలో ఉన్న రక్షణ ప్రయోగశాల డీఎల్ఆర్ఎల్‌ది కూడా ఆ తరంగాల రంగమే. 1960లలో ఆ ప్రయోగశాల వేళ్లూనుకుంటున్నప్పుడు రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారు సూరి భగవంతం. నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర కాంతి పరిక్షేపణం నేర్చుకున్న తెలుగువాడు.

ఇంతకీ ద్రవం చేసేదేమిటి? వలయంలోని చీలిక చిన్న కెపాసిటర్ లాంటిది. అందులో గాలి బదులు ద్రవం నిండితే విద్యుత్తును నిలుపుకునే శక్తి పెరిగి, వలయం స్పందించే పౌనఃపున్యం తగ్గుతుంది. తయారీతోనే స్థిరపడిపోయే వస్తువును మళ్లీ మళ్లీ మార్చుకునే వీలు ఇలా దొరికింది. 2006లో సాల్టిస్, క్వేక్, యాంగ్ ద్రవాలతో కాంతిని మార్చే ఈ ఆప్టోఫ్లూయిడిక్స్ రంగాన్ని సమీక్షించారు. 2013లో ఇల్లినాయ్ పరిశోధకులు నానో గిన్నెల పలకపై వేర్వేరు ద్రవాలు పోసి వేర్వేరు రంగులు చూపించారు. 2015లో సింగపూర్ బృందం పాదరసాన్ని సన్నని కాలువల్లో నడిపి వలయాల ఆకారాన్నే మార్చింది.

మెటామెటీరియల్స్ అనగానే పత్రికలు వస్తువును కనపడకుండా చేసే మాయావస్త్రం గురించే ఎక్కువ రాశాయి. నాకు మాత్రం కల్తీని రంగుతో పట్టించే ఆ నానో గిన్నెలే గొప్ప ఆశ. అయితే మైక్రోవేవ్‌లకూ పరారుణ కాంతికీ మధ్యనుండే టెరాహెర్ట్జ్ తరంగాలతో ద్రవాలను పరీక్షించే పరికరాలకు ఒక చిక్కుంది: నీరు ఆ తరంగాలను విపరీతంగా పీల్చేస్తుంది. అందుకే ఆ పరికరాల్లో కాలువల లోతును పదుల మైక్రాన్లకే కుదించాల్సి వస్తోంది. అంత సన్నని దారిలో బుడగ చిక్కినా, పాత ద్రవం కొంచెం మిగిలినా కొలత తప్పుతుంది.