అరుగు మీంచి కుర్చీలోకి

గూడూరుకు ఆనుకుని, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంటుంది చిల్లకూరు. అక్కడి నుంచి తూర్పుగా తమ్మినపట్నం దాకా పోతే సముద్రమే. ఈ ప్రాంతంలో ఏ సెలూన్‌లోకి తొంగిచూసినా గోడకు అద్దాలు, తిరిగే కుర్చీ, నలిగిన దినపత్రిక, వంతు కోసం బల్ల మీద ఎదురుచూసే నలుగురు కనిపిస్తారు. ఆ బల్ల మీద కూర్చోవడం పల్లెలకు కొత్తగా వచ్చిన మర్యాద. ఒకప్పుడు ఆసామి ఎక్కడుంటే క్షురకుడే అక్కడికి వెళ్లేవాడు.

వెళ్లేటప్పుడు చంకలో పొది ఉండేది. కత్తి, కత్తెర, గోరుగల్లు, సానరాయి, చిన్న అద్దం, పటిక ముక్క, నీళ్ల గిన్నె, అన్నీ అందులోనే. ఆసామి తన ఇంటి అరుగు మీదో, చెట్టు కిందో కూర్చునేవాడు. డబ్బు లెక్క ఉండేది కాదు. పంట కళ్లానికి వచ్చాక ఏడాది పనికి మేరగా ధాన్యం కొలిచేవారు. నెల్లూరు సీమకు పేరు తెచ్చిన మొలగొలుకుల వడ్లు పండిన ఏడు సరే, వాన తప్పిన ఏడు ఆ కొలత కూడా తగ్గేది. పని మాత్రం తగ్గేది కాదు.

ఆనాటి మర్యాదలు చాలావరకు ఆసామి మడిని కాపాడేవే. మంగళ, శుక్రవారాల్లో కత్తి పట్టించకూడదు. పొద్దుగూకాక అసలే వద్దు. భార్య కడుపుతో ఉంటే మగవాడు క్షవరం మానుకోవాలి. క్షవరం అయ్యాక తలస్నానం చేయనిదే గడప దాటకూడదు. పనిచేసిన మనిషిని ఎలా పలకరించాలో, ఎంతసేపు నిలబెట్టవచ్చో చెప్పే నియమం మాత్రం ఒక్కటీ లేదు. ఈ లోటు చిన్నది కాదు.

నిజానికి ఆ చేతులు లేనిదే ఇంట్లో శుభకార్యం జరిగేది కాదు. పెళ్లికొడుక్కి గోళ్లు తీసేది వాళ్లే, పందిట్లో సన్నాయి, డోలు వాయించేదీ వాళ్లే. దక్షిణ భారత కులాల మీద 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం ఈ కులాన్ని భజంత్రీలనీ, కల్యాణకులమనీ పిలుస్తారని నమోదు చేసింది. పిల్లవాడి పుట్టెంట్రుకలు పెంచలకోనలో తీయించినా, తిరుమల కల్యాణకట్టలో తీయించినా కత్తి పట్టేది వీరే. పెళ్లిలో తాంబూలం ఇచ్చి గౌరవించిన ఇంటివాళ్లే మర్నాడు అరుగు దగ్గర ఏకవచనంలో పిలిచేవారు.

ఇంకో తలుపు మరీ గట్టిగా మూసి ఉండేది. దళితులకు ఊరి పొది తెరుచుకునేది కాదు. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న, అందరికీ ప్రవేశం ఉండాల్సిన చోట్లలో చేర్చిన ‘దుకాణం’ అన్న మాటకు అర్థమేమిటన్న చర్చ వచ్చింది. అడిగినవారికి సేవ అందించేందుకు సిద్ధంగా ఉన్న ప్రతి చోటూ దుకాణమేనని అంబేద్కర్ వివరించారు. ఆ అర్థంలో క్షౌరశాల కూడా దుకాణమే. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం సేవ నిరాకరించడాన్ని శిక్షార్హం చేసింది. చట్టం వచ్చినంత తొందరగా ఊళ్లు మారలేదు. అయినా సెలూన్ కుర్చీకి ఒక గుణముంది: ముందు వచ్చినవాడిదే వంతు. అరుగుకు ఆ గుణం లేదు.

కుర్చీ వచ్చాక మర్యాద దిశ మారింది. అరుగు ఆసామిది, సెలూన్ పనివారిది. అక్కడ మనం అతిథులం. వంతు దాటి దూరకపోవడం, ఏ క్రాపు కావాలో ముందే చెప్పడం, కత్తి మెడ మీద ఉండగా తల తిప్పకపోవడం, పని అవగానే డబ్బు చేతిలో పెట్టడం ఇలా అలవాటయ్యాయి.

బ్లేడు సంగతి వేరు. ఒకే కత్తిని సానపట్టి అందరికీ వాడిన రోజుల్లో ఎవరూ ఏమీ అడగలేదు. 1986లో మద్రాసులో దేశంలోనే తొలిసారి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాక, ప్రచారం ఊరూరికీ చేరాక, ‘కొత్త బ్లేడు వెయ్యన్నా’ అనడం మొదలైంది. బ్లేడును రెండుగా విరిచి, ఒక సగాన్ని పట్టీలో బిగించి, కళ్లెదుటే వేసి చూపడం పనివారి మర్యాద అయింది. ఇది అనుమానం కాదు, ఇద్దరికీ రక్షణ. చర్మానికి పుండో గజ్జో ఉంటే ముందే చెప్పడం మన వంతు మర్యాద.

పిలుపు దగ్గరే మనం ఇంకా వెనకబడి ఉన్నాం. ఈ వృత్తి కులమైన నాయీ బ్రాహ్మణులను కించపరిచే పిలుపులను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఒక మనిషిని మర్యాదగా పిలవడానికి కూడా ఉత్తర్వు అవసరమైందంటే తప్పు కుర్చీలో కూర్చున్నవాళ్లదే. ఈసారి సెలూన్‌కు వెళ్లినప్పుడు మీకు పనిచేసే మనిషి పేరు అడగండి. చివర ‘గారు’ చేర్చి ఆ పేరుతోనే పిలవండి.