అత్తగారి దగ్గర అల్లుడి ఫిర్యాదు

తెరచాప పడవల పందేల్లో అమెరికా కప్పుది పెద్ద పేరు. 1970లో అమెరికాలోని న్యూపోర్టు దగ్గర రెండో పందెంలో ఆస్ట్రేలియా పడవ 'గ్రెటెల్ 2' ముందు గమ్యం చేరింది. కాని బయలుదేరేటప్పుడు అమెరికా పడవ 'ఇంట్రెపిడ్'తో ఢీకొంది, తప్పు గ్రెటెల్‌దేనని చెప్పి నిర్వాహకులు ఆ గెలుపు రద్దుచేశారు.

ఆ తీర్పరులెవరనుకున్నారు? కప్పు తమ దగ్గరే ఉంచుకున్న న్యూయార్కు యాట్ క్లబ్బువారే! ఆస్ట్రేలియా జట్టు పెద్ద ఫ్రాంక్ ప్యాకర్, వాళ్లకి మొరపెట్టుకోవడం పెళ్లాం మీద అత్తగారికి ఫిర్యాదు చేసినట్టే అన్నారట.

నియమాల ప్రకారం తీర్పు సరైనదేనని తెలిసినవాళ్లు చాలామంది అన్నారు. అయినా అనుమానం పోలేదు. 1974 పోటీకి అంతర్జాతీయ జ్యూరీని పెట్టారు. ఇప్పటి నియమావళి ప్రకారం, తగవులో తనకేమైనా సంబంధం ఉంటే తీర్పరి ఆ మాట తనే ముందుగా చెప్పాలి.

మరి పక్కింటి పిల్లాడితో మనవాడు తగవు తెస్తే, తీర్పు చెప్పేది మనమేనా? కాస్త ఆలోచించండి.