నాలుగు ప్రశ్నల కోర్టు

శవపంచనామా అంటే మనకి తెలిసిందే. ఎస్సైగారు వస్తారు, ఊళ్ళో నలుగురు పెద్దమనుషుల్ని నిలబెట్టి కాగితం మీద సంతకాలు పెట్టిస్తారు. ఇంగ్లండులో ఈ పనికి ఏకంగా ఓ కోర్టే ఉంది. దాన్ని ఇన్‌క్వెస్టు అంటారు, నడిపే అధికారిని కారొనర్ అంటారు. పోలీసుల చేతిలో ఎవరైనా పోతే జ్యూరీ కూడా కూర్చోవాలి. చిత్రమేమిటంటే అక్కడ ముద్దాయి ఉండడు, శిక్షా ఉండదు. పోయిందెవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా? ఇవే ప్రశ్నలు. మొదటి మూడూ తేలిగ్గానే తేలతాయి. బారిస్టర్లు కొట్టుకునేదంతా ఆ నాలుగోదాని మీదే.

ఆ నాలుగో ప్రశ్నతో పోలీసుల్ని నిలదీసి పేరు పొందిన బారిస్టరు మైకేల్ మాన్స్‌ఫీల్డ్. 1941లో పుట్టి, 1967లో బారిస్టరయ్యారు. ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మ మీద పోలీసులు పార్కింగు కేసు పెడితే, ఆవిడ కోర్టుకెక్కి, పోలీసుదే అబద్ధమని నిరూపించి గెలిచిందట. నాకీ ముక్క మహా నచ్చింది. మనమైతే, “పోనిద్దురూ, కోర్టు గొడవలు మనకెందుకు” అని ఆ జరిమానా ఏదో కట్టేసి వచ్చేవాళ్ళం!

2005 జూలై 22న లండన్‌లో, స్టాక్‌వెల్ భూగర్భ రైలు స్టేషనులో జీన్ చార్లెస్ డి మెనెజెస్ అనే బ్రెజిల్ కుర్రాణ్ణి బాంబులవాడనుకుని పోలీసులు కాల్చి చంపారు. ఏ పాపం ఎరగని ఎలక్ట్రీషియను. 2008లో ఇన్‌క్వెస్టు జరిగింది. కుటుంబం తరఫున మాన్స్‌ఫీల్డ్. “చట్టవిరుద్ధంగా చంపారు” అని తీర్పు చెప్పే వీల్లేదని కారొనర్ ముందే జ్యూరీ చేతులు కట్టేశారు. అయినా ఆ జ్యూరీ గడుసుది! కాల్చేముందు హెచ్చరించామన్న పోలీసు మాట నమ్మలేదని మాత్రం రాసిచ్చింది.

అంతకన్నా గుండె పిండేది హిల్స్‌బరో కథ. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ ఫుట్‌బాల్ మైదానంలో జనం ఒత్తిడికి నలిగి పోయినవాళ్ళ లెక్క చివరికి 97కి చేరింది. మొదటి ఇన్‌క్వెస్టులో, మధ్యాహ్నం 3.15 తర్వాత ఏం జరిగిందో వినక్కర్లేదన్నారు కారొనర్. అప్పటికే అందరికీ ప్రాణాంతకమైన దెబ్బలు తగిలాయిట! 1991లో “ప్రమాదం” అని తేల్చేశారు. యాన్ విలియమ్స్ అనే తల్లి ఒప్పుకోలేదు. పదిహేనేళ్ళ కొడుకు కెవిన్ నాలుగు గంటల వేళ “అమ్మా” అన్నాడని ఓ మహిళా కానిస్టేబులు చెప్పింది మరి. ఆ ఒక్క పిలుపు పట్టుకుని ఇరవై ఏళ్ళకి పైగా కోర్టుల చుట్టూ తిరిగింది. 2012 డిసెంబరులో హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. 2013 ఏప్రిల్లో కాన్సరుతో ఆవిడ కన్ను మూసింది.

కొత్త ఇన్‌క్వెస్టు 2014లో మొదలై రెండేళ్ళు సాగింది. ఎన్నో కుటుంబాల తరఫున మాన్స్‌ఫీల్డ్ నిలబడ్డారు. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ తేల్చింది: చట్టవిరుద్ధంగా చంపబడ్డారు, అభిమానుల తప్పేమీ లేదు.

ఇంతకీ ఫీజులెవరిచ్చారంటారా? మొదటిసారి పోలీసుల లాయర్లకి సర్కారు సొమ్ము. కన్నవాళ్ళేమో చందాలు వేసుకుని అందరికీ కలిపి ఒక్క బారిస్టరుని పెట్టుకున్నారు. రెండోసారి వీళ్ళ ఖర్చూ ప్రభుత్వమే భరించింది. ఇలాంటి ఇన్‌క్వెస్టుల్లో కుటుంబాలకి కూడా ప్రభుత్వ ఖర్చుతో లాయరుండాలనే బిల్లు పార్లమెంటు గడప తొక్కేసరికి 2025 సెప్టెంబరు వచ్చింది.