ఠాణా గడప నుంచి సాక్షి బోను దాకా

హైదరాబాద్‌లో నేర బాధితులకు అండ ఎవరంటే ఇవాళ షీ టీమ్స్, భరోసా కేంద్రం గుర్తొస్తాయి. రెండూ పోలీసులవే. కానీ ఈ నగరంలో ఆ అవసరాన్ని బయటపెట్టిన ఘటన పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదు. 1978 మార్చిలో నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై అత్యాచారం జరిగింది, పోలీసుల దెబ్బలకు ఆమె భర్త చనిపోయాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుబట్టింది. అయినా ఆ కమిషన్ ముందు నిందితుల తరఫు వాదన చాలావరకు ఆమె నడవడి చుట్టూనే తిరిగింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ముఖ్య సాక్షి బాధితురాలే. అన్నేళ్లూ ఆమె వెంట నిలబడాల్సిన బాధ్యత ఏ ప్రభుత్వ సంస్థకూ లేదు. అత్యాచార కేసులో బాధితురాలి శీలాన్ని బోనులో నిలదీయడానికి దారిచ్చిన సాక్ష్య చట్టం నిబంధన 2003 దాకా బతికే ఉంది.

నగరం పడమటి వైపు సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పుట్టిందీ ఆ 2003లోనే. ప్రగతి నగర్ లాంటి కాలనీల నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులతో ఈ పడమటి నగరం నిండింది. 2013 అక్టోబరులో మాదాపూర్‌లో ఒక ఐటీ ఉద్యోగిని అపహరణకూ అత్యాచారానికీ గురైంది. మరుసటి ఏడాదే ఇద్దరికి 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. 2014 అక్టోబరులో షీ టీమ్స్, 2016లో భరోసా వచ్చాయి. భరోసాలో వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం, న్యాయ సలహా ఒకే చోట దొరకడం చిన్న మార్పు కాదు. పోలీసులు తలచుకుంటే కేసు ఎంత వేగంగా నడుస్తుందో మాదాపూర్ కేసుతో తెలిసింది. కాబట్టి అండగా నిలిచే పని వాళ్లకే వదిలేస్తే సరిపోదా అనేవారున్నారు. ఆ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు.

అయితే 2019 నవంబరు సంగతి చూడాలి. శంషాబాద్ దగ్గర హత్యకు గురైన పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి ఠాణాకు వెళ్లిన ఆమె కుటుంబానికి మొదట ఎదురైంది ఏ ఠాణా పరిధి అన్న ప్రశ్న. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే, ఇదే బాధితులకు న్యాయమని చాలామంది పూలు చల్లారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. విచారణే లేకపోతే సాక్షికి రక్షణ అక్కర్లేదు, నిజమే. నిజం తేలే వీలూ ఉండదు. తెగువ గల పోలీసులను మెచ్చుకోవడం వేరు, సాక్షిని కోర్టు దాకా నడిపించే యంత్రాంగం కట్టుకోవడం వేరు. మనం మొదటిదానితోనే తృప్తిపడ్డాం.

మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం దారి చూపింది. జిల్లా జడ్జి నాయకత్వంలోని కమిటీయే రక్షణపై నిర్ణయిస్తుంది. కానీ ముప్పు ఎంతో అంచనా వేసి నివేదిక ఇచ్చేది మళ్లీ పోలీసు అధికారే. ఆరోపణ పోలీసు మీదే అయితే? నల్లకుంట అడిగిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. సాక్షికి ఇంత అండ ఇస్తే నిందితుడి హక్కు ఏమవుతుందని కొందరు న్యాయవాదులు అడుగుతారు. తెర చాటునో వీడియోలోనో సాక్ష్యం చెప్పినా క్రాస్ ఎగ్జామినేషన్ ఆగదు. ఆగేది బెదిరింపు చూపు మాత్రమే. భయపడి మాట మార్చిన సాక్షి వల్ల నిర్దోషికీ మేలు జరగదు.

2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ ప్రక్రియా స్మృతిలో పరిధితో పనిలేకుండా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలనీ, దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లో బాధితులకు చెప్పాలనీ, ప్రతి రాష్ట్రం సాక్షుల రక్షణ పథకం తేవాలనీ ఉంది. ఆ పథకం అమలును పోలీసు శాఖకు కాక న్యాయ సేవల సంస్థకు అప్పగించాలి. ప్రగతి నగర్‌లోని సాక్షికి సమన్లు అందిన రోజు నుంచి తీర్పు దాకా ఆ సంస్థ మనిషి ఒకరు తోడుండాలి.