వీడియో గేమ్ సమీక్షలు: మార్కులు, తీర్పుల చరిత్ర

వీడియో గేమ్‌ను ఆడి చూసి, అది కొనదగ్గదో కాదో రెండు మూడు వాక్యాల్లో తేల్చి, పక్కన నూటికో పదికో ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి 1980లలో బ్రిటన్, అమెరికా, జపాన్ పత్రికల్లో స్థిరపడింది. మొదట్లో ఇది కొనుగోలుదారుకు సలహా. 1999 నుంచి అన్ని పత్రికల మార్కులకూ సగటు కట్టడం మొదలయ్యాక, ఆటలు తయారుచేసే సంస్థల ఒప్పందాల్లోనూ బోనసుల్లోనూ లెక్కకు వచ్చే అంకెగా మారింది.

తొలి రోజులు

అమెరికాలో 1974లో వచ్చిన 'ప్లే మీటర్', మరుసటి ఏడాది వచ్చిన 'రీప్లే' ఆర్కేడ్ యంత్రాల యజమానుల వ్యాపార పత్రికలు. ఏ యంత్రంలో నాణేలు ఎక్కువ పడతాయన్నదే వాటి పట్టింపు. ఆడేవాడి పక్షాన రాసిన తొలి శీర్షికల్లో ముఖ్యమైనది 1979లో 'వీడియో' పత్రికలో మొదలైన 'ఆర్కేడ్ ఆలీ'. దాన్ని రాసిన బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ సైన్స్ ఫిక్షన్ అభిమానుల చిన్న పత్రికల్లో కలం పట్టినవారు. వారే జాయిస్ వర్లీతో కలిసి 1981 చివర్లో 'ఎలక్ట్రానిక్ గేమ్స్' పత్రిక పెట్టారు. అదే ఏడాది నవంబరులో బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' మొదలైంది. రసెల్ సైప్ స్థాపించిన 'కంప్యూటర్ గేమింగ్ వరల్డ్' కూడా 1981 నాటిదే. సుదీర్ఘమైన, నింపాదైన సమీక్షలకు పేరుపడ్డ ఈ పత్రిక 1994 దాకా మార్కుల జోలికే పోలేదు.

లడ్‌లో పత్రికలు

మార్కుల పద్ధతికి పూర్తి రూపం ఇచ్చింది మాత్రం ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఉన్న లడ్‌లో అనే చిన్న ఊరు. రోజర్ కీన్, ఆలివర్ ఫ్రే, ఫ్రాంకో ఫ్రే అక్కడి నుంచి స్పెక్ట్రమ్ కంప్యూటర్ ఆటల క్యాసెట్లను పోస్టులో అమ్మేవారు. సరుకు జాబితాగా అచ్చువేసిన పుస్తకమే పెరిగి 1984 ఫిబ్రవరిలో 'క్రాష్' అనే మాసపత్రిక అయింది. ప్రచురణ సంస్థ పేరు న్యూస్‌ఫీల్డ్.

క్రాష్ సమీక్షకులు ఎక్కువగా ఆ ఊరి బడిపిల్లలు. బడి వదిలాక ఆఫీసుకు వచ్చి, కొత్త క్యాసెట్లను ఆడి, తమకు తోచింది చెప్పేవారు. ఒక్కో ఆటను ముగ్గురు చూసేవారు. పేజీలో మొదట ఆట ఏమిటో, ఎలా ఆడాలో వివరించే వ్యాసం. దాని కింద ముగ్గురి మాటా విడివిడిగా, పేర్లు లేకుండా. ఆ కింద చిన్న అక్షరాల్లో ఒక పట్టిక: ఏ మీటలు నొక్కాలి, జాయ్‌స్టిక్ పనిచేస్తుందా, రంగులు ఎలా వాడారు, శబ్దం ఎలా ఉంది, ఎన్ని ప్రాణాలు, ఎన్ని తెరలు. పట్టిక చివర 'జనరల్ రేటింగ్' అనే వరుస. మొత్తం ఆట మీద తీర్పు ఆ వరుసలో ఒకటి రెండు వాక్యాల్లో ఇమడాలి. ఆ తర్వాతే శాతాలు: బొమ్మలకు ఇంత, ఆడే వీలుకు ఇంత, వదలబుద్ధి కాని గుణానికి ఇంత, పెట్టిన డబ్బుకు తగిన విలువకు ఇంత, ఆఖరున మొత్తం ఇంత. బాగా నెగ్గిన ఆటకు 'క్రాష్ స్మాష్' ముద్ర.

డబ్బు విలువకు వేరే శాతం పెట్టడానికి కారణం ఉంది. 1984లో మాస్టర్‌ట్రానిక్ సంస్థ క్యాసెట్లను 1.99 పౌండ్లకు అమ్ముతుంటే, అప్పటిదాకా 5.50 పౌండ్లు తీసుకున్న అల్టిమేట్ సంస్థ 'సేబర్ వుల్ఫ్' ధరను ఒక్కసారిగా 9.95కు పెంచింది. పాకెట్ మనీ దాచుకుని కొనే పిల్లవాడికి అయిదు రెట్ల తేడా అది. క్యాసెట్ లోడ్ కావడానికి నిమిషాలు పడుతుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకునే నాథుడు లేడు. దుకాణానికి వెళ్లే ముందు క్రాష్ తిరగేసి వెళ్లడం పిల్లలకు అలవాటైంది. 1986 నాటికి పత్రిక అమ్మకాలు లక్ష దాటాయి.

1985 మేలో న్యూస్‌ఫీల్డ్ వారే కొమొడోర్ 64 కంప్యూటర్ కోసం 'జాప్! 64' తెచ్చారు. క్రాష్‌లో పేర్లు దాగితే ఇక్కడ అవి బయటికి వచ్చాయి. గ్యారీ పెన్, జూలియన్ రిగ్నల్, బాబ్ వేడ్ తొలి సమీక్షకులు. రిగ్నల్ 1983లో ఆటల పోటీలో గెలిచి అందరి దృష్టిలో పడ్డవాడు. ప్రతి అభిప్రాయం పక్కన ఆ రాసినవాడి బొమ్మ ఉండేది. నచ్చితే నవ్వుతూ, విసుగొస్తే మొహం ముడుచుకుని ఉండే ఆ బొమ్మలను గీసింది ఆలివర్ ఫ్రే. చదవకముందే తీర్పు తెలిసిపోయేది. మంచి ఆటకు 'సిజ్లర్', అరుదైనదానికి 'గోల్డ్ మెడల్'. పెన్‌కు ఒక ఆట నచ్చి రిగ్నల్‌కు నచ్చకపోతే ఆ పేచీ అలాగే అచ్చయ్యేది. నెల నెలా చదివేవారికి ఎవరి రుచి ఏమిటో తెలుసు కాబట్టి, మార్కుల కంటే వేసినవాడి పేరే ఎక్కువ ఉపయోగపడేది. తరువాతి కాలపు సగటులు పోగొట్టుకున్నది సరిగ్గా దీన్నే.

దశాబ్దం చివరికొచ్చేసరికి మార్కులు ఉబ్బాయి. 90 దాటిన శాతం ప్రకటనల్లోకీ క్యాసెట్ అట్టల మీదికీ ఎక్కేది కనుక ఎక్కువ వేసిన పత్రిక పేరు ఎక్కువచోట్ల కనిపించేది. 70 శాతం అంటే 'ఫరవాలేదు' అనే అర్థానికి దిగిపోయింది. న్యూస్‌ఫీల్డ్ 1991లో దివాలా తీసింది, క్రాష్ 1992లో ఆగిపోయింది. ఉబ్బిన మార్కుల మీద నేరుగా తిరగబడ్డది ఫ్యూచర్ సంస్థ 1991లో తెచ్చిన 'అమీగా పవర్'. సగటు ఆటకు 50 శాతమే అని ప్రకటించి, 1996లో మూతపడేదాకా ఆ నిక్కచ్చితనాన్ని నిలబెట్టుకుంది. ఆటల సంస్థలతో ఆ పత్రికకు పేచీలు తప్పలేదు.

నలభైకి నలభై

జపాన్‌లో ఆస్కీ సంస్థ 1986 జూన్‌లో మొదలుపెట్టిన 'ఫామికామ్ త్సూషిన్', అంటే నేటి 'ఫామిత్సు', అదే ఏడాది 'క్రాస్ రివ్యూ' ప్రవేశపెట్టింది. నలుగురు సమీక్షకులు విడివిడిగా పదికి మార్కులు వేస్తారు, మొత్తం 40. ఒక్కొక్కరికి దక్కేది ఇరుకైన గడిలో కొద్ది వాక్యాలే. ఒకరు తొమ్మిది వేస్తే పక్కనే మరొకరు ఆరు వేసి ఉండవచ్చు, సర్దుబాటు ఏమీ చేయరు. 30 నుంచి వెండి, 32 నుంచి బంగారం, 35 నుంచి ప్లాటినం. మొదటిసారి 40కి 40 రావడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ ఆట 1998 నవంబరు 21న విడుదలైన నింటెండో వారి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్'. 1999లో 'సోల్‌కాలిబర్', 2000లో 'వేగ్రంట్ స్టోరీ' ఆ వరుసలో చేరాయి. తర్వాత నిండు మార్కులు తరచయ్యాయి, వాటి బరువూ తగ్గింది.

నలుగురి పద్ధతిని అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ' అందుకుంది. అందులో ముసుగు వేసుకున్న నింజా రూపంలో కనిపించే సమీక్షకుడు 'సుషి ఎక్స్' ఒక్కడు కాడు, వేర్వేరు ఉద్యోగులు వంతులవారీగా ఆ పేరుతో రాసేవారు. ఫ్రాన్స్‌లో 'టిల్ట్' (1982), జర్మనీలో 'పవర్ ప్లే' (1987) సొంత పద్ధతుల్లో మార్కులు వేశాయి. మన దేశంలో 'డిజిట్' పత్రికకు అనుబంధంగా వచ్చిన 'స్కోర్!' ఆటల సమీక్షలకు చోటిచ్చింది.

1993 అక్టోబరు సంచికతో బ్రిటన్‌లో మొదలైన 'ఎడ్జ్' వ్యవస్థాపక సంపాదకుడు స్టీవ్ జారట్ లడ్‌లో పత్రికల్లో తయారైనవాడే. అయితే జాప్‌లోని నవ్వు మొహాలకు పూర్తి విరుద్ధంగా ఎడ్జ్ సమీక్షకు సంతకం ఉండదు. హుందాగా సాగే వ్యాసం, చివర పదికి ఒక అంకె, అంతే. 1994లో 'డూమ్' ఆటకు ఏడు వేసి, ఆటలోని రాక్షసులతో మాట్లాడే వీలుంటే ఎంత బాగుండునో అని ఊహించిన సమీక్ష దశాబ్దాలపాటు నవ్వులపాలైంది. ఆటల్లో సంభాషణ ఎంత విస్తరించిందో చూస్తే ఆ సమీక్షకుడు మరీ తప్పు కోరలేదు. ఎడ్జ్ తొలి పదికి పది 1996లో 'సూపర్ మారియో 64'కు దక్కింది.

వెబ్, సగటు

1996లో 'గేమ్‌స్పాట్', 'ఐజీఎన్' వెబ్‌సైట్లు వచ్చాయి. గేమ్‌స్పాట్ బొమ్మలకు, శబ్దానికి, ఆడే తీరుకు, విలువకు వేర్వేరు మార్కులు వేసి దశాంశంతో ఫలితం చెప్పేది. 2006లో జెల్డా కొత్త ఆట 'ట్వైలైట్ ప్రిన్సెస్'కు 8.8 వేసినందుకు అభిమానులు సమీక్షకుడిపై విరుచుకుపడ్డారు. మన సినిమా అభిమానులు 5కి 2.75 చూసి వీరంగం వేయడం ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా ఉండదు. మరుసటి ఏడాది ఆ సైటు దశాంశాల సన్నతనం వదిలి అరమార్కుల పద్ధతికి మారింది.

స్కేలు అట్టడుగును చూపిన ఆట 2003లో వచ్చిన 'బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్'. లారీల పందెం అని పేరు. ప్రత్యర్థి లారీ బయలుదేరిన చోటే నిలబడి ఉంటుంది. మన లారీ ఇళ్లలోంచి, చెట్లలోంచి గాలిలా దూసుకుపోతుంది, వంతెన ఎక్కబోతే కిందికి జారిపోతుంది, నిలువు కొండల్ని వేగం తగ్గకుండా ఎక్కేస్తుంది. రివర్స్ గేరులో వేగానికి హద్దే లేదు, మీట వదిలితే మాత్రం ఠక్కున ఆగుతుంది. గెలిచాక కప్పు బొమ్మ మీద తప్పుల ఇంగ్లీషులో అభినందన. గేమ్‌స్పాట్ దీనికి ఇవ్వగలిగిన అతి తక్కువ మార్కు 1.0 వేసింది.

అన్ని పత్రికల మార్కులనూ పోగేసే 'గేమ్‌ర్యాంకింగ్స్' 1999లో, 'మెటాక్రిటిక్' 2001 జనవరిలో మొదలయ్యాయి. మార్క్ డాయల్, జూలీ డాయల్ రాబర్ట్స్, జేసన్ డీట్జ్ స్థాపించిన మెటాక్రిటిక్‌ను 2005లో సీనెట్ కొన్నది. ప్రతి మార్కునూ నూటికి మార్చి సగటు కడతారు. 5కి 4 నక్షత్రాలంటే 80, బి మైనస్ గ్రేడంటే 67. పెద్ద పత్రికల మాటకు బరువు ఎక్కువ, కానీ ఎంత ఎక్కువో సంస్థ చెప్పదు. ఆటలకు 75 నుంచి ఆకుపచ్చ, 50 నుంచి 74 దాకా పసుపు, ఆ కింద ఎరుపు. ఒకరీనా ఆఫ్ టైమ్ 99తో అగ్రస్థానంలో ఉంది.

వ్యాపారం ఈ సగటును వెంటనే పట్టుకుంది. తమ సినిమాల ఆధారంగా చేసిన ఆటలకు సగటు 70 కంటే తగ్గితే రాయల్టీ పెంచుతామని వార్నర్ బ్రదర్స్ ఆటల విభాగం 2004లోనే ప్రకటించింది. అందరికీ గుర్తుండిపోయింది 'ఫాల్అవుట్: న్యూ వేగస్' (2010) కథ. ఆ ఆట చేసిన అబ్సిడియన్ సంస్థకు 85 వస్తే బోనస్ అని షరతు, వచ్చింది 84. ఈ సంగతి 2012లో ఆ సంస్థకే చెందిన క్రిస్ అవెలోన్ చెబితేనే బయటికి తెలిసింది. మెటాక్రిటిక్‌కు చేరేసరికి సమీక్షలోని మాటలు రాలిపోయి, ముక్కలైన ఒక వాక్యమూ అంకే మిగులుతాయి.

ప్రకటనల ఒత్తిడి మీద అనుమానాలు పాతవే. 2007 నవంబరులో 'కేన్ అండ్ లించ్' ఆటకు 6.0 వేసిన జెఫ్ గెర్‌స్ట్‌మన్‌ను గేమ్‌స్పాట్ ఉద్యోగం నుంచి తొలగించింది. అప్పుడు ఆ సైటు నిండా అదే ఆట ప్రకటనలున్నాయి. నోరు విప్పకూడదన్న ఒప్పందం 2012లో తొలగాక, ప్రకటనదారుల కోపమే కారణమని ఆయన ధ్రువీకరించారు.

కొన్నిసార్లు చిన్న తీర్పు ఆటను మించి బతుకుతుంది. 2014లో పోకెమాన్ ఆట 'ఆల్ఫా సఫైర్'కు ఐజీఎన్ 7.8 వేసి, లోపాల జాబితాలో 'నీళ్లు మరీ ఎక్కువ' అనే అర్థం వచ్చే మూడు మాటలు రాసింది. నిజానికి ఆ ఆటలో సముద్రం మీద ప్రయాణం దండిగా ఉంది, విమర్శ సబబే. వ్యాసంలోని వివరణ ఎవరికీ పట్టలేదు, మూడు మాటలూ సామెతలా మిగిలాయి.

ఆటగాళ్ల ఓట్లు, మార్కులు మానినవారు

2013 నవంబరులో ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ కొన్నవారి చేతనే సమీక్షలు రాయించడం మొదలుపెట్టింది. అక్కడ అంకె లేదు, బొటనవేలు పైకో కిందికో. కోపం వచ్చినవారు గుంపుగా దిగి కిందికి నొక్కేసే ధోరణి పెరగడంతో 2017లో ఓట్లు ఏ రోజు ఎన్ని పడ్డాయో చూపే పటం పెట్టారు. 2020 జూన్‌లో విమర్శకులు సగటున 93 ఇచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'ను, ఆట పూర్తిచేసే వ్యవధి కూడా గడవకముందే వేలమంది సున్నాలతో ముంచెత్తారు. దాంతో విడుదలైన 36 గంటలదాకా ఆటగాళ్ల మార్కులు తీసుకోకూడదని మెటాక్రిటిక్ నియమం పెట్టింది.

విమర్శకుల మార్కులూ బోల్తా కొట్టాయి. 2013లో 'సిమ్‌సిటీ'కి 'పాలిగాన్' సైటు 9.5 వేసింది. విడుదలయ్యాక సర్వర్లు కూలిపోవడంతో 8కి, తర్వాత 4కు దించి, చివరికి 6.5 దగ్గర ఆగింది. 2020 డిసెంబరులో 'సైబర్‌పంక్ 2077'ను విడుదలకు ముందు పీసీలో మాత్రమే చూడనిచ్చారు. మార్కులు ఘనంగా వచ్చాయి. పాత ప్లేస్టేషన్‌లో కొన్నవారికి ఆట సరిగా నడవక, సోనీ వారం తిరిగేసరికి దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది.

ఈ గొడవ పడలేక కొందరు అంకెలే మానేశారు. 2007లో పుట్టిన 'రాక్ పేపర్ షాట్‌గన్' మొదటి నుంచీ మార్కులు వేయలేదు. 2015లో 'యూరోగేమర్' పదికి వేసే మార్కులు ఆపి, తప్పక ఆడాలి, ఆడవచ్చు, వద్దు అనే మాటలతో సరిపెట్టింది. 2018లో పాలిగాన్ అదే దారి పట్టింది. 2023లో యూరోగేమర్ మళ్లీ ఐదు నక్షత్రాలతో మార్కులకు తిరిగి వచ్చింది.